మన మిద్దెలు, మన బండలు

(ఆకాశవాణి కడప కేంద్రం స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



పోయిన వేసవిలో మా తమ్ముడు ఊరినుంచి వచ్చాడు. కాఫీ గ్లాసు చేతికి అందుకుంటూనే, "అక్కా, మనింటి పాత మిద్దె పడగొట్టేస్తాండా. నువ్వొక మాట చెబితే రేపే జేసీబీని పిలిపిస్తా" అన్నాడు. ఆ మిద్దె మా తాతగారి నాయన కట్టించింది. బేతంచెర్ల దగ్గరి పల్లెలో పదహారు అంకణాల ఇల్లు. నేను పుట్టింది అందులోనే. ఆడపిల్లను, పెళ్ళై పాతికేళ్ళయింది, నన్నెందుకు అడగడం అనుకున్నాను గానీ, వాడు అడిగినందుకు లోపల సంతోషం వేసింది. వెంటనే జవాబు చెప్పలేక, "వారం రోజులు ఆగరా నాయనా, ఆలోచించి చెబుతా" అన్నాను. ఆ వారంలో ఆలోచించినవీ, చదివినవీ, మా ఊరి బేల్దారి తాతను అడిగి తెలుసుకున్నవీ ఈ రోజు మీకు చెబుతాను. నేను మెట్రిక్ దాటి చదువుకున్నదాన్ని కాదు. ఇంజినీర్లెవరైనా వింటూ వుంటే తప్పులుంటే దిద్దుదురు గాక.

కర్నూలు, కడప జిల్లాల్లో పుట్టినవారికి మిద్దె అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. కానీ పట్నంలో పుట్టి పెరిగిన మన పిల్లలు మిద్దె అంటే సిమెంటు స్లాబనే అనుకుంటున్నారు. అసలు మిద్దె వేరు. రాళ్ళను బురదమన్నుతో పేర్చిన గోడలు, ఒక్కొక్కటి రెండడుగుల మందం, కొన్నిచోట్ల మూడు. లోపల కొయ్య స్తంభాలు, వాటిమీద దూలాలు, దూలాలకు అడ్డంగా దంతెలు. దంతెలమీద బండలు దొరికే చోట నాపబండలు, లేనిచోట సన్నటి కట్టెలు, వాటిమీద వేపమండలో బందారాకో దట్టంగా పరిచి, ఆపైన మన్ను. అన్నిటికంటే పైన చవుడు.

ఈ చవుడు సంగతి కొంచెం చెప్పుకోవాలి. చవుడు నేలలో పంట పండదు. రైతు ఆ నేలను చూసి తల కొట్టుకుంటాడు. అదే మన్ను మిద్దెమీద వేస్తే చుక్క నీరు కిందికి దిగనివ్వదు. చిన్నప్పుడు ఇదేదో మాయ అనుకునేదాన్ని. దాని కారణం ఇది. చవుడులో సోడియం లవణాలు ఎక్కువ. వాన తడి తగలగానే ఆ లవణాలవల్ల బంకమన్ను రేణువులు విడివిడిగా చెదిరి, మధ్యలో వున్న సన్నటి సందులన్నీ పూడ్చేస్తాయి. ఇక నీరు లోపలికి పోయే దారి లేక, వాలుకు జారి గొట్టంలోంచి వీధిలో పడుతుంది. చేలో మొక్క వేళ్ళకు నీరు దక్కకుండా చేసేది కూడా ఈ గుణమే. పనికిరాని నేలను ఇంటి కప్పుకు పనికొచ్చేట్టు చేసుకున్నారు మన పెద్దలు. ఎవరు కనిపెట్టారో, ఎన్నడు కనిపెట్టారో ఏ పుస్తకంలోనూ పేరు లేదు.

ఏటా తొలకరికి ముందు మిద్దెకు చవుడు వేసుకోవడం ఒక పండగలాంటి పని. మగవాళ్ళు బండ్లమీద తోలుకొస్తే, ఆడవాళ్ళు గంపలకెత్తి నిచ్చెన ఎక్కి పరిచేవారు. మా అవ్వ డెబ్బై ఏళ్ళ వయసులో కూడా పైకెక్కి, కాలితో తొక్కి చూసి, "ఈడ పల్చనైంది, ఇంకో గంప ఎయ్యండే" అని కేకలేసేది.

ఇక గవాక్షి. నడిమింట్లో, వంటింట్లో కప్పుకు ఒక మూరెడు రంధ్రం వదిలేవారు. దానిచుట్టూ రాతిగట్టు. గోడలకు కిటికీలు పెద్దగా వుండవు కాబట్టి వెలుతురు అక్కడినుంచే రావాలి, పొయ్యిపొగ అక్కడినుంచే పోవాలి. వాన వస్తుందంటే పైకి పరిగెత్తి బండ మూయడం పిల్లల పని. పగలు ఆ వెలుగు నేలమీద ఎక్కడ పడిందో చూసి మా అవ్వ పొద్దు చెప్పేది. వెలుగు రోటి దగ్గరికి వచ్చిందంటే మగవాళ్ళు కూటికి వచ్చే వేళయిందన్న మాట. వేడిగాలి పైకి పోతుంది గనుక గవాక్షి తెరిచి వున్నంతసేపు ఇల్లు ఊపిరి పీలుస్తూనే వుంటుంది. ఇప్పుడు దీన్నే పెద్దపెద్ద భవనాల్లో ఎంతో ఖర్చుపెట్టి అమరుస్తున్నారట.

కిటికీలు లేకపోవడానికి ఎండ ఒక్కటే కారణం కాదు. ఈ సీమ చరిత్రలో దొంగల భయం, దండుల భయం చాలా వుండేది. విజయనగరం పడిపోయిన తర్వాత రెండు వందల ఏళ్ళకు పైగా సుల్తానులు, నవాబులు, మరాఠాలు, మైసూరువారు, మధ్యలో పాళెగాళ్ళు ఈ నేలను తొక్కారు. 1800లో నిజాం ఈ జిల్లాలను ఇంగ్లీషువారికి దత్తం చేశాక థామస్ మన్రో కలెక్టరై 1807 దాకా ఇక్కడ వున్నాడు. కర్నూలు మాత్రం నవాబుల చేతిలోనే వుండి 1839లో కంపెనీవారి పరమైంది. ఆ కాలపు పల్లెలు చూడండి, ఊరికొక బురుజు, మిద్దెకు మిద్దె ఆనుకుని ఇళ్ళు. ఒక మిద్దె ఎక్కితే ఊరి చివరిదాకా నేలమీద కాలు పెట్టకుండా పోవచ్చు. ఇంటి లోపలే పశువులకు గాడి, నేలలోనే గింజలకు పాతర. చీకటిగా వుంటాయని ఇప్పుడు ఆక్షేపిస్తాం గానీ, ఆ చీకటి వెనక అంత కథ వుంది. అయినా ఆ చీకటి వంటింట్లో పొగకు కళ్ళు పోగొట్టుకున్నది మాత్రం ఆడవాళ్ళే. ఆ మాట కూడా చెప్పకపోతే అన్యాయం.

ఇప్పుడు బండల సంగతికి వస్తాను. మన రెండు జిల్లాల కింద వున్నంత సున్నపురాయి చాలాచోట్ల లేదు. కోటానుకోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ సముద్రం వుండి, దాని అడుగున పొరమీద పొరగా పేరుకున్నదే ఈ రాయి. విలియం కింగ్ అనే భూగర్భశాస్త్రవేత్త ఈ ప్రాంతమంతా తిరిగి, కడప, కర్నూలు రాతి పొరల గురించి 1872లో ప్రభుత్వ భూగర్భశాఖ తరపున పెద్ద గ్రంథం ప్రకటించాడు. మన జిల్లాల పేర్లు ఆ విధంగా ప్రపంచంలోని భూగర్భశాస్త్రం చదువుకునే వారందరికీ తెలిశాయి. కడప జిల్లాలోని నార్జి అనే ఊరి పేరుమీదనే ఆ రాయికి నార్జి సున్నపురాయి అని పేరు. పొరలుగా వుంటుంది కాబట్టి ఉలి పెట్టి సమ్మెటతో కొడితే పలకలు పలకలుగా విడిపోతుంది. రంపం అక్కరలేదు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతంలో నల్లటి బండలు, బేతంచెర్ల, కొలిమిగుండ్ల దిక్కున బూడిదరంగు, పసుపు, ఆకుపచ్చ ఛాయలు. ఇల్లు కప్పడానికీ, నేల పరవడానికీ, అరుగుకూ, అటకకూ, గూటికీ, ఆఖరికి చేని గట్టున కంచెకూ అన్నిటికీ బండలే. మా ఊళ్ళో పశువుల కొట్టానికి నిలువు బండలు పాతి గోడ కట్టేవారు.

బొంబాయి మద్రాసు రైలుదారి 1871లో పూర్తయింది. ఆ దారి మన కడప, ఎర్రగుంట్ల, తాడిపత్రి మీదుగానే పోతుంది. ఇంకేముంది, మన బండలు రైలెక్కాయి. మద్రాసులో ఏ ఇల్లాలినైనా అడగండి, 'కడప్పా కల్లు' తెలియనివారుండరు. బొంబాయిలో వంటింటి గట్టుకు వేసే నల్లరాయిని 'కడప్పా' అనే అంటారు. నా స్నేహితురాలొకామె బొంబాయిలో కాపురం పెట్టినప్పుడు, పక్కింటి మరాఠీ ఆమె "మీదే ఊరు?" అని అడిగిందట. "కడప" అని చెబితే, "అది రాయి కదా, ఊరెలా అవుతుంది?" అని నవ్విందట. మన ఊరిపేరు లక్షల వంటిళ్ళలో రొట్టెలు ఒత్తే గట్టుగా వుందంటే నాకు మాత్రం గర్వంగానే వుంటుంది.

బండతోపాటు సున్నం. ఆ రాయినే బట్టీలో తొమ్మిది వందల డిగ్రీల దాకా కాల్చి, నీళ్ళు చల్లి, ఇసుకతో కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో రోజుల తరబడి నూరేవారు. అందులో బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసేవారు. ఇక్కడ ఒక విచిత్రం వుంది. కాల్చినప్పుడు రాయిలోంచి బొగ్గుపులుసు గాలి పోతుంది. గోడకు పూసిన తర్వాత ఆ సున్నం గాలిలోంచి అదే బొగ్గుపులుసు గాలిని మెల్లమెల్లగా తిరిగి పీల్చుకుని మళ్ళీ రాయిగా మారుతుంది. అందుకే పాత గచ్చు ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడుతుంది. గండికోటకు వెళ్ళినవారు అక్కడి ధాన్యాగారం చూసే వుంటారు. 1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి మీర్ జుమ్లాను కలుసుకోవడానికి ఆ గండికోటకే వచ్చి, తన యాత్రా గ్రంథంలో దాని ముచ్చట రాశాడు. పెన్నా లోయ, ఆ కోటగోడలు అప్పటికే చూసినవారి నోరు తెరిపించేవన్న మాట. కర్నూలులో హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి గోపురాలు 17వ శతాబ్దం మొదట్లోవి. ఉక్కు కమ్మీ ఒక్కటి లేదు, ఇప్పటికీ నిలిచే వున్నాయి.

మరి ఇంత మంచిదైతే ఎందుకు వదిలేశాం? నేనూ అదే ఆలోచించాను. సున్నం ఆరడానికి వారాలు పడుతుంది, నూరడానికి మనుషులు కావాలి. సిమెంటు ఒక్కరోజులో బిగుస్తుంది. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే తాపీపనివాడు 1824లో పేటెంటు తీసుకున్న పొడి అది. మన సున్నపురాయినే బంకమన్నుతో కలిపి దాదాపు 1450 డిగ్రీలు కాలిస్తే సిమెంటు. కర్నూలు, కడపల్లో ఇంత రాయి వుంటే ఫ్యాక్టరీలు రాకుండా వుంటాయా? పాణ్యం, ఎర్రగుంట్ల పేర్లు సిమెంటు బస్తాలమీద చూస్తూనే పెరిగాం. బండగా పరుచుకోవలసిన రాయి పొడిగా మారి బస్తాల్లోకెక్కింది. ప్రపంచం మొత్తం మీద గాలిలోకి పోయే బొగ్గుపులుసు గాలిలో నూటికి ఏడెనిమిది పాళ్ళు ఒక్క సిమెంటువల్లనేనని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు.

1953 అక్టోబరు ఒకటిన కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఇళ్ళు చాలక డేరాల్లో ఆఫీసులు పెట్టారు. మూడేళ్ళకే 1956 నవంబరులో రాజధాని హైదరాబాదుకు వెళ్ళిపోయింది గానీ, పట్నానికి సిమెంటు రుచి అంటుకుంది. మా అత్తగారు అనేవారు, ఆ రోజుల్లో పిల్లనిచ్చేవారు "సిమెంటు ఇల్లేనా?" అని అడగడం మొదలుపెట్టారని.

ఆ తర్వాత శ్రీశైలం ప్రాజెక్టు. 1981లో నీళ్ళు నిలిపినప్పుడు కృష్ణా, తుంగభద్రల ఒడ్డున వంద దాకా పల్లెలు మునిగిపోయాయి. రూపాల సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాయి రాయికీ నెంబరు వేసి విప్పి, కర్నూలు దగ్గర జగన్నాథగట్టు మీద మళ్ళీ నిలబెట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం అదే రీతిగా అలంపురం చేరింది. మంచిదే, చేయవలసిన పనే. ఇళ్ళకు మాత్రం నెంబర్లు వేసేవారెవరు? మా అత్తగారి తరపు చుట్టాలు దూలాలు, వాకిళ్ళు, గడపలు పీక్కుని బండ్లకెత్తుకుని వచ్చారు. గోడలు తేలేరు కదా. తెచ్చిన గడపకు కొత్త ఊళ్ళో సిమెంటు గోడ కట్టి బిగించుకున్నారు. ఆ గడపకు పసుపు రాసేటప్పుడు మా అత్తగారి అక్క ఏడ్చేదట.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న మాట. స్లాబు వేయలేని వారికి, స్లాబు మీద ఇంకో గది కావాలనుకున్న వారికి చవకగా దొరికింది సిమెంటు రేకు. మా ఇంటిమీద కూడా నీళ్ళ తొట్టి పక్కన బట్టలుతికే చోట పదేళ్ళ కిందట రేకులు వేశాం. పనివాడు రంపంతో కోస్తూ వుంటే తెల్లటి పొడి వంటింటి కిటికీలోంచి వచ్చి పప్పు గిన్నెమీద పడింది. నేను చీర కొంగుతో తుడిచేశాను. అదేమిటో నాకు అప్పుడు తెలియదు.

రేకులో సిమెంటుతో పాటు రాతినార వుంటుంది. ఆస్‌బెస్టాస్ అనేది దాన్నే. అది ఎక్కడినుంచో వచ్చింది కాదు, మన కడప జిల్లాలోనే, పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లె దిక్కున గనులుండేవి. వేంపల్లె రాతిపొరల్లోకి కింది నుంచి కాగిన రాయి చొరబడి, ఆ వేడికి సున్నపురాయి మారిపోయి, తలవెంట్రుకలాంటి నారగా తయారైంది. రాయి అయివుండి దూదిలా విడిపోతుంది, నిప్పులో కాలదు. అందుకే ప్రపంచమంతా దాన్ని నెత్తిన పెట్టుకుంది. కానీ ఆ నార సన్నటి పోగులు ఊపిరితిత్తుల్లోకి పోతే ఇక బయటికి రావు. ఇరవై ముప్ఫై నలభై ఏళ్ళ తర్వాత దగ్గు, ఆయాసం, కొందరికి క్యాన్సరు. ప్రపంచ ఆరోగ్యసంస్థ వారు అన్ని రకాల రాతినారనూ క్యాన్సరు కారకంగానే లెక్కవేశారు. ఇంగ్లండు 1999లో, యూరప్ దేశాల కూటమి 2005కల్లా నిషేధించాయి. మన దేశంలో 1986లో కొత్త గనులకు లీజులివ్వడం ఆపారు. 1995లో సుప్రీంకోర్టు, రాతినార పనివారి ఆరోగ్య రికార్డు పనిలో చేరిన నాటినుంచి నలభై ఏళ్ళు గానీ, పని మానిన తర్వాత పదిహేనేళ్ళు గానీ, ఏది ఎక్కువైతే అంతవరకు భద్రపరచాలని తీర్పు చెప్పింది. తవ్వడం ఆపాం గానీ రేకులు చేయడం ఆపలేదు. నార విదేశాలనుంచి తెప్పించుకుని మరీ చేస్తున్నాం.

మా పెద్దమ్మ పెనిమిటి ఆ దిక్కున ఒక గనిలో పనిచేశాడు. పేరు చెప్పను. ఆయన ఇంటికొస్తే ఒంటిమీద పిండి చల్లుకున్నట్టు వుండేది. ఆ బట్టలు దులిపి ఉతికేది మా పెద్దమ్మ. యాభై ఏళ్ళు నిండకుండానే ఆయన దగ్గు పట్టి మంచాన పడ్డాడు. క్షయ అన్నారు, ఆ మందులే వాడారు, పోయాడు. మా పెద్దమ్మకూ ఆఖరి రోజుల్లో అదే ఆయాసం. అది రాతినార వల్లనేనని కాగితం మీద రాసిచ్చినవారు లేరు కాబట్టి నేనూ గట్టిగా అనలేను. కానీ రేకు కోసిన పొడి కొంగుతో తుడిచిన రోజు గుర్తొస్తే ఇప్పటికీ నాకు గుండె జల్లుమంటుంది.

మీ ఇంటిమీద పాత రేకులు వుంటే కంగారుపడి పగలగొట్టించకండి. కదపకుండా వున్న రేకుకంటే పగిలిన రేకు ప్రమాదం. చీపురుతో పొడిగా ఊడ్చవద్దు, బొరియలు పెట్టించవద్దు. తీయించవలసి వస్తే బాగా తడిపి, ముక్కుకు మంచి మాస్కు కట్టించి, ముక్కలు చేయకుండా నిండు రేకుగా దింపించండి. కొత్తగా వేయించేవారు మాత్రం అంగడివాణ్ణి "ఇందులో రాతినార వుందా?" అని అడగండి. లేని రేకులూ వస్తున్నాయి, కాస్త ధర ఎక్కువ.

ఇంత చెప్పాను కదా అని పాత మట్టిమిద్దెలే స్వర్గమని నేననడం లేదు. 2009 అక్టోబరు రెండున కర్నూలులో ఏం జరిగిందో మరచిపోయినవారు లేరు. తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిమీద పడ్డాయి. మేము మేడమీద రెండు రాత్రులు కూర్చున్నాం. నీళ్ళు తీసిన తర్వాత చూస్తే, బురదమన్నుతో కట్టిన గోడలు పంచదారలా కరిగిపోయాయి. కొండారెడ్డి బురుజు మాత్రం వున్నచోటనే వుంది. రాయి ఒకటే, మధ్యలో పెట్టింది మన్నా, సున్నమా అన్నదానిలోనే తేడా అంతా. వరద లేకపోయినా ప్రతి వానాకాలం పేపర్లో చూస్తూనే వున్నాం, మిద్దె కూలి నిద్రలోనే తల్లీ పిల్లలు పోయారని.

ఎందుకు కూలుతాయని బేల్దారి తాతను అడిగితే ఆయన నాకొక లెక్క చెప్పాడు. అది మీరందరూ వినాలి. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గది మీద ఒక్క అడుగు మన్ను వుందనుకోండి. అది నూరు ఘనపుటడుగులు. ఘనపుటడుగు ఎండుమన్ను సుమారు నలభై ఐదు కిలోలు. అంటే నాలుగున్నర టన్నులు. యాభై కిలోల బియ్యం బస్తాలు తొంభై మీ నెత్తిమీద వున్నట్టు. ముసురుపట్టి నానితే ఇంకో పదీ ఇరవై బస్తాలు. "పాత మన్ను దించి కొత్తది ఎయ్యాలమ్మా. పాతోళ్ళు దించేటోళ్ళు. ఇప్పుడు కూలికి భయపడి పాతదానిమీదనే ఎస్తాండారు. అడుగున్నర, రెండడుగులు చేరింది. కింద దంతెకు చెద పట్టింది. ఇంకేం జేస్తాది?" అన్నాడు. తప్పు మిద్దెది కాదు, సాకకపోవడానిది. మిద్దె పసిబిడ్డలాంటిది, ఏటా చూడాలి. చూసే మనుషులు పట్నం వచ్చేశారు, నాలాగే.

ఈజిప్టులో హసన్ ఫాతీ అనే ఇల్లుకట్టే శాస్త్రజ్ఞుడు వుండేవాడు. మట్టి ఇటుకలతో కమానులు కట్టే పాత పద్ధతిని పల్లె మేస్త్రీల దగ్గర నేర్చుకుని, 1940లలో గూర్నా అనే కొత్త ఊరు కట్టాడు. చూడముచ్చటగా వుంది గానీ, జనం అందులోకి రావడానికి ఒప్పుకోలేదు. వాళ్ళ బతుకుతెరువు పాత ఊళ్ళో వుంది మరి. మనకు దగ్గరలో కేరళలో లారీ బేకర్ అనే ఆయన, పుట్టుక ఇంగ్లండులో అయినా మనవాడే అయిపోయి, 2007లో కన్నుమూసేదాకా ఆ ఊళ్ళో దొరికే ఇటుక, సున్నం, పాత కిటికీ చెక్కలతోనే వందల ఇళ్ళు కట్టాడు. ఆయన కట్టిన ఇంటి బొమ్మలు చూస్తే నాకు మా అవ్వ ఇల్లే గుర్తొచ్చింది. గూళ్ళు, జాలీలు, కూర్చోవడానికి గోడలోనే అరుగు. ఇంటికి అందం తెచ్చిపెట్టుకునేది కాదు, పనిలోంచి పుట్టేదని నాకు అనిపిస్తుంది. మా అవ్వ ఇంటి దీపపు గూడు ఎంత అందంగా వుండేదో! గాలికి దీపం ఆరకూడదని చేసిందే అది.

పట్నంలో స్లాబు ఇంట్లో వుండే మనం ఇవన్నీ విని ఏం చేసుకోవాలి అంటారా? రెండు మూడు పనులు నేను చేసి చూసినవి చెబుతాను. నాలుగైదు అంగుళాల స్లాబు పగలంతా కాగి, రాత్రి మనమీద సెగ వదులుతుంది. అందుకే కర్నూలులో మే నెల రాత్రి పంకా వేడిగాలి కొడుతుంది. వేసవికి ముందు మేడమీద తెల్లటి సున్నం రెండు పూతలు వేయిస్తే కింద గది ఎంత తేలికపడుతుందో మీకే తెలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఈ చల్లటి కప్పుల గురించి ఒక విధానమే ప్రకటించింది. లోపలి గోడలకు సున్నం మంచిది. దాని ఘాటుకు బూజు, పురుగు నిలవవు. రంగులే కావాలంటే సీసం లేనివని డబ్బామీద చూసి కొనండి. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పదిలక్షల్లో తొంభై పాళ్ళు మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లో వుంది. పాత రంగు గీకేటప్పుడు పసిపిల్లలను దగ్గరికి రానివ్వకండి.

నేలకు మన బండలు వేయించండి. మార్బులు మోజులో పడి రాజస్థాన్ నుంచి తెప్పించుకుంటున్నాం, ఇంటి పక్క రాయిని కాదని. మరీ అద్దంలా పాలిష్ పట్టించకండి, నీళ్ళు పడితే ముసలివాళ్ళు జారిపడతారు. అది సున్నపురాయి కాబట్టి నిమ్మరసం, చింతపండు పులుసు పడితే తెల్లటి మచ్చ పడుతుంది, వెంటనే తుడవాలి. యాసిడ్‌తో మాత్రం కడగవద్దు. బండలు కోసే ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళు ఆ పొడి పీలుస్తూ బతుకుతున్నారు. తడిపి కోస్తే పొడి లేవదు, యజమానులు ఆ పాటి ఖర్చు పెట్టుకోవాలి.

వారం గడిచాక తమ్ముడికి ఫోను చేశాను. "గోడలు పడగొట్టొద్దురా. పై మన్ను దింపించు ముందు. దంతెలు చూడు" అన్నాను. వాడు కొంచెం గొణిగాడు. "ఖర్చు నువ్విస్తావా?" అన్నాడు. "సగం ఇస్తా" అన్నాను. మావారు పక్కనుంచి వింటూ ఏమీ అనలేదు, అదే చాలు.

మన్ను దించితే తొమ్మిది ట్రాక్టర్లయింది. అడుగున్నర మందం వుందట. దంతెల్లో ఇరవై రెండు పుచ్చిపోయాయి. నడిమింటి దూలం మాత్రం గొడ్డలి దిగనంత గట్టిగా వుంది. పుచ్చినవి మార్చి, పైన బేతంచెర్ల బండలు పరిపించి, సందుల్లో సున్నపు గచ్చు పోయించాడు. ఆ గచ్చు కలపడం తెలిసినవాడు చుట్టుపక్కల నాలుగూళ్ళలో ఆ బేల్దారి తాత ఒక్కడే. ఎనభై దాటినాయన మంచం వేయించుకుని మిద్దెమీద కూర్చుని, కుర్రవాళ్ళ చేత చేయించాడు. బయటి గోడల సందుల్లో బురద గీకి సున్నం నింపడం ఇంకా మిగిలే వుంది. దానికి డబ్బు కూడాలి.

గవాక్షికి ఇప్పుడు పైన అద్దం బిగించారు, పక్కల గాలి పోవడానికి సందు వదిలారు. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు చూశాను. రోలు తీసేశారు గానీ, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి వెలుగు ఆ చోటికే వచ్చి పడింది.